ఆపరేషన్ మత్తులో నేను లేను. మరి గాఢనిద్రలో ఉన్నానని ఎలా అంటున్నాం?

తొలిపొద్దు:
పోయిన నెల నాకు గాల్‌బ్లాడర్ ఆపరేషన్ అయింది. బల్ల మీద పడుకోబెట్టి, మాస్క్ పెట్టి, పది నుంచి వెనక్కి లెక్కపెట్టమన్నారు. ఏడు అన్నది గుర్తుంది. ఆరు అన్నానో లేదో తెలియదు. ఇంతలో ఎవరో "కళ్ళు తెరవండి, అయిపోయింది" అంటున్నారు. గోడ గడియారం చూస్తే రెండున్నర గంటలు గడిచాయి. రాత్రి పడుకుని లేస్తే ఎంతో కొంత సేపు గడిచిందని ఒంటికి తెలుస్తుంది కదా, ఇక్కడ అదీ లేదు. ఏడుకీ ఆ పిలుపుకీ మధ్య సందే లేదు.

నేను ఇరవై ఏళ్ళుగా వేదాంతం చదువుతున్నాను. పొద్దున్నే లేచి "హాయిగా నిద్రపోయాను, ఏమీ తెలియలేదు" అంటాం. ఆ హాయినీ, ఆ తెలియకపోవడాన్నీ చూసిన సాక్షి లోపల ఉండబట్టే ఆ మాట అనగలిగాం అంటుంది అద్వైతం. దీన్ని గట్టిగా నమ్మినవాడిని. మరి మత్తులోంచి లేచినప్పుడు ఆ హాయి జ్ఞాపకం కూడా లేదే? నిత్యమైన సాక్షి ఒక మందుకి లొంగడమేమిటి? చైతన్యం మెదడు చేసే పనే, మెదడు ఆగితే అదీ ఆగుతుంది అనిపిస్తోంది ఇప్పుడు. కాదనేవాళ్ళు కారణం చెప్పండి. పంతానికి అడగడం లేదు, ఈ ప్రశ్నతో రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు.

శ్రవణం:
అద్వైతాన్ని సగమే చెప్పారండి. సాక్షి అంటే జరిగింది గుర్తుపెట్టుకునేది కాదు. గుర్తుపెట్టుకునేది మనసు. మందు పనిచేసేది దాని మీద. బృహదారణ్యక ఉపనిషత్తులో యాజ్ఞవల్క్యుడు జనకుడికి చెప్పింది ఇదే: నిద్రలో చూడకపోవడం చూపు పోయినందువల్ల కాదు, చూడడానికి రెండో వస్తువు లేనందువల్ల. రాత్రి ఆకాశంలో కూడా సూర్యుడి వెలుగు పోతూనే ఉంటుంది, నల్లగానే కనిపిస్తుంది. చంద్రుడు దాని దారిలోకి వస్తేనే వెలుగు ఉందని తెలుస్తుంది.

చార్వాక పక్షం:
పోలిక బాగుంది కానీ చంద్రుడు లేకపోయినా ఆ వెలుగుని కొలిచే దారులు ఉన్నాయి. మీ సాక్షిని పట్టుకునే దారి ఏది? ఉన్నా లేకపోయినా ఒకేలా ఉండేదాన్ని ఉందని ఎందుకు ఒప్పుకోవాలి?

నైయాయికులు, అంటే న్యాయదర్శనం తార్కికులు, మీ వాదాన్ని ఎప్పుడో నిలదీశారు. "హాయిగా నిద్రపోయాను" అన్నది జ్ఞాపకం కాదు, అనుమానం, అంటే గుర్తుల్ని బట్టి ఊహించి తేల్చుకున్నది అన్నారు. లేచాక ఒళ్ళు తేలిగ్గా ఉంది కాబట్టి బాగా నిద్రపట్టి ఉంటుందని అనుకుంటాం, అంతే. శరీరం తప్ప వేరే ఆత్మ లేదనే చార్వాకులు ఇంకో అడుగు వేశారు. ఆకులో, వక్కలో, సున్నంలో విడివిడిగా ఎరుపు లేదు, కలిపి నమిలితే వస్తుంది, చైతన్యమూ అలాంటిదే అన్నారు.

అసలు ఈ సందేహం ఉపనిషత్తులోనే ఉంది. ఛాందోగ్యం 8వ అధ్యాయంలో గాఢనిద్రే ఆత్మ అని ప్రజాపతి చెబితే ఇంద్రుడు సగం దారిలోంచి వెనక్కి వస్తాడు. అందులో "ఇది నేను" అని కూడా తెలియదు, నాశనమైపోయినట్టే ఉంటుంది, ఇందులో నాకు మేలేమీ కనబడటం లేదు అంటాడు. మీరు ఆపరేషన్ బల్ల మీద ఎదుర్కొన్నది ఇంద్రుడి ప్రశ్నే.

నైట్‌డ్యూటీ:
మత్తు విభాగంలో నర్సుని. శాస్త్రాలు నాకు తెలియవు, చూసింది చెబుతాను.

ముందుగా ఒక మాట. మత్తు నిద్ర కాదు. నిద్రపోయేవాళ్ళని తట్టి లేపొచ్చు, మత్తులో ఉన్నవాళ్ళని కత్తితో కోసినా లేవరు. రెంటినీ పక్కపక్కన పెట్టి పోల్చడమే కొంచెం ఇబ్బంది.

రెండోది, తొలిపొద్దు గారూ, మీకు గుర్తులేదు కాబట్టి మీరు లేరని ఎలా తేల్చారు? ఆపరేషన్‌కి ముందు ఇచ్చే మిడజోలం లాంటి మందుకి జ్ఞాపకం నిలవనివ్వని గుణం ఉంది. అది ఇచ్చాక కొందరు నాతో కబుర్లు చెబుతూ థియేటర్‌లోకి వస్తారు, తర్వాత అడిగితే ఆ దారే గుర్తుండదు. దీనికంటే నన్ను కలవరపెట్టింది ఒక పరీక్ష. కండరాల్ని కదలకుండా చేసే మందు ఎక్కించే ముందు ఒక చేతికి బీపీ పట్టీ బిగిస్తారు, ఆ మందు ఆ చేతిలోకి దిగదు. పూర్తి మత్తులో ఉన్నారనుకున్న మనిషిని "వింటుంటే నా చెయ్యి నొక్కండి" అని అడుగుతారు. కొందరు నొక్కుతారు. లేచాక వాళ్ళలో చాలామందికి ఏమీ గుర్తుండదు.

2006లో మెదడు శాస్త్రవేత్త ఏడ్రియన్ ఓవెన్ బృందం, ప్రమాదం తర్వాత ఐదు నెలలుగా ఏ స్పందనా లేని 23 ఏళ్ళ అమ్మాయిని స్కానర్‌లో పెట్టి టెన్నిస్ ఆడుతున్నట్టు ఊహించుకోమంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ మెదడులో ఏ భాగం పనిచేస్తుందో ఆమెలోనూ అదే చేసింది. 2024లో వచ్చిన పెద్ద అధ్యయనంలో, పైకి ఏ మాటకీ స్పందించని 241 మందిలో 60 మంది ఇలా లోపల స్పందించారు. ఆ మొదటి సంగతి చదివినప్పటి నుంచి స్పృహ లేనివాళ్ళని పక్కకి తిప్పేటప్పుడు కూడా పేరు పెట్టి పిలిచి, ఏం చేస్తున్నానో చెప్పి తిప్పుతున్నాను.

చార్వాక పక్షం:
విలువైన మాటలు. అయినా ఆ 60 మందిలోనూ పనిచేసింది మెదడే కదా. నా వాదం ఎక్కడికీ పోలేదు.

శ్రవణం:
పోలేదు, రుజువూ కాలేదు. మెదడులో చైతన్యం ఎలా పుడుతుందో 25 ఏళ్ళలో తేలిపోతుందని మెదడు శాస్త్రవేత్త క్రిస్టాఫ్ కాక్ 1998లో తత్వవేత్త డేవిడ్ చామర్స్‌తో పందెం కాశారు. 2023లో ఓడిపోయానని ఒప్పుకుని వైన్ సీసాలు ఇచ్చారు. ఇక ఇంద్రుడి సంగతి. ప్రజాపతి అతన్ని తప్పుపట్టలేదు, ఇంకో ఐదేళ్ళు ఉండమన్నాడు. ఆ తర్వాతే శరీరం లేని ఆత్మ గురించి చెప్పాడు. ఈ సందేహం దాటకుండా ముందుకి దారి లేదని ఆ కథ ఒప్పుకుంటోంది.

తొలిపొద్దు:
నైట్‌డ్యూటీ గారూ, మీ మాటతో నా తప్పు తెలిసింది. గుర్తులేదు కాబట్టి లేను అన్నాను, అది నిలవదు. కానీ శ్రవణం గారూ, అదే దెబ్బ మీ వైపూ తగులుతుంది. జ్ఞాపకం మనసుది, సాక్షిది కాదన్నారు. అలాంటప్పుడు "హాయిగా నిద్రపోయాను" అన్న జ్ఞాపకాన్ని సాక్షికి రుజువుగా ఎలా తెస్తారు? ఆ వాదాన్ని ఇరవై ఏళ్ళు మోశాను, ఇవాళ దించుతున్నాను. దించడం బాధగానే ఉంది. అలాగని మెదడుతోనే అంతా సరి అని మొదట రాసినంత ధీమాగా ఇప్పుడు అనలేను.

ఒక విషయం మొదట రాయలేదు. "కళ్ళు తెరవండి" అన్నప్పుడు తెరిచాను. పైన తెల్లటి ట్యూబ్‌లైట్. రెండు మూడు సెకన్లు ఆ తెలుపు మాత్రమే ఉంది. అది లైటని తెలియదు, చూస్తున్నది నేనని తెలియదు, నా పేరు రాలేదు. తర్వాత బొడ్డు దగ్గర సలుపు, ఆ సలుపుతో పాటు "నాకు నొప్పి" అన్న మాట, అప్పుడు పేరు, ఊరు, అన్నీ వరసగా వచ్చాయి. కానీ అవి రాకముందే తెలుపు తెలిసింది. ఆ రెండు మూడు సెకన్ల గురించి మీ సంప్రదాయంలో ఎవరైనా ఏమైనా అన్నారా? నిద్ర గురించి కాదండి, నిద్రకీ "నేను"కీ మధ్య ఉన్న ఆ కాసేపటి గురించి. తెలిస్తే రాయండి.