ఎన్నూరులో మళ్లీ చమురు పడితే మనం బకెట్లు పట్టుకుని వెళ్లాలా?

రాయపురం రావు:
మన తెలుగు సంఘం వచ్చే సమావేశంలో ఒక ప్రతిపాదన రాబోతోంది. ఉత్తర చెన్నై తీరంలో చమురు పడితే వెంటనే కదిలే సేవాదళం ఒకటి పెట్టాలట. కుర్రవాళ్ల పేర్లు, ఫోను నంబర్లు ముందే రాసుకుని, సంఘం నిధితో బకెట్లు, పారలు, చేతి తొడుగులు కొని ఉంచాలట. వినగానే ఎవరూ కాదనలేని మాట. నాకు మాత్రం సందేహాలున్నాయి.

కొత్తగా వచ్చినవారి కోసం నేపథ్యం చెబుతాను. 2017 జనవరి 28 తెల్లవారుజామున ఎన్నూరులోని కామరాజర్ రేవు బయట బీడబ్ల్యూ మేపుల్ అనే గ్యాస్ ఓడ, డాన్ కాంచీపురం అనే చమురు ఓడ ఢీకొన్నాయి. కాలుష్యమేమీ లేదని రేవు మొదట ప్రకటించింది. తర్వాత ఎర్నావూరు దగ్గర ఆర్కే నగర్ కుప్పం (ఇక్కడ కుప్పమంటే జాలరి పల్లె) రాళ్ల మధ్య నల్లటి మడ్డి పేరుకుపోయింది. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను వరదతో మణలి రిఫైనరీ వైపు నుంచి వచ్చిన చమురు బకింగ్‌హాం కాలువలోకి, అక్కడి నుంచి కొసస్థలైయారులోకి, ఎన్నూరు క్రీక్‌లోకి, అంటే సముద్రంలో కలిసే ఉప్పుటేరులోకి చేరింది. రెండుసార్లూ మనం పత్రికల్లో చూసిన బొమ్మ ఒకటే, చేతిలో బకెట్‌తో మనిషి.

ఇప్పుడు చెప్పండి. ఆ మనిషి పక్కన మన పిల్లలను నిలబెట్టాలా, వద్దా?

పెరంబూర్ మేష్టారు:
నిలబెట్టాలి. 2017లో నేను వెళ్లాను, మా విద్యార్థులూ వచ్చారు. మెట్రో వాటర్ వారి సూపర్ సక్కర్ లారీలు, అంటే మురుగు లాగే లారీలు వచ్చి పైపులు దించితే, మడ్డి చిక్కగా ఉండి లాగలేకపోయాయి. యంత్రం చేతులెత్తేసిన చోట మనుషులు దిగారు. కోస్ట్ గార్డ్ వారు, కూలీలు, కాలేజీ పిల్లలు, చుట్టుపక్కల జనం వరసగా నిలబడి బకెట్లు అందించారు. ఆ రోజు అందరూ నియమావళి చదువుతూ కూర్చుని ఉంటే ఆ మడ్డి ఇంకెన్ని వారాలు అక్కడే ఉండేదో. అధికారులు వచ్చేదాకా ఆగుదామనడం సులభం. అలలు ఆగవు కదా.

వేళచ్చేరి ఇంజనీరు:
మేష్టారూ, మీరు చేసిన పనిని తక్కువ చేయను. కానీ లారీ ఎందుకు లాగలేకపోయిందో కూడా చెప్పుకోవాలి. ఓడల ఇంధన చమురు సముద్రంలో పడ్డాక అలల తాకిడికి నీటిని కలుపుకుని ముద్దలా మారుతుంది, పరిమాణం మూడు నాలుగు రెట్లు పెరుగుతుంది. మొదటి గంటల్లో పలచగా తేలుతున్నప్పుడే చుట్టూ బూమ్ వేసి, అంటే నీటి మీద తేలే అడ్డుకట్ట వేసి, స్కిమ్మర్‌తో, అంటే నీటి మీది చమురును తీసే యంత్రంతో తోడాలి. ఆ సమయం చేజారితే మిగిలేది బకెట్టే. కాబట్టి బకెట్లు ముందే కొని పెట్టుకోవడమంటే మొదటి గంటలు ఎలాగూ పోతాయని ఒప్పేసుకోవడం.

పెరంబూర్ మేష్టారు:
మరి 2023లో బూమ్‌లు ఏం చేశాయి?

వేళచ్చేరి ఇంజనీరు:
వరద ఉధృతిలో ఏమీ చేయలేవు. ప్రవాహం వేగం సుమారు 0.7 నాట్లు, అంటే గంటకు 1.3 కిలోమీటర్లు దాటితే చమురు బూమ్ కిందుగా జారిపోతుంది. క్రీక్ ముఖద్వారం దగ్గర అడ్డంగా కట్టాలనుకోవడం వృథా. కాలువలో నీరు నెమ్మదించే మలుపులు చూసుకుని, ఏటవాలుగా కట్టి, చమురును ఒక ఒడ్డుకు మళ్లించాలి. ఏ మలుపులో నీరు నిలుస్తుందో కోస్ట్ గార్డ్ పటంలో దొరకదు, కాట్టుక్కుప్పం జాలరిని అడిగితే దొరుకుతుంది.

పులికాట్ కోడలు:
చివరికి జాలరి మాట వచ్చినందుకు సంతోషం. ఇప్పటిదాకా మన కుర్రవాళ్లు, మీ విద్యార్థులు అంటూ మనలో మనమే మాట్లాడుకుంటున్నాం. 2023లో మొదట పడవలేసుకుని మగ్గులతో, బకెట్లతో చమురు తోడింది ఎన్నూరు కుప్పాల మగవాళ్లు. చాలామందికి చేతి తొడుగులు కూడా లేవు. సాయంత్రం కిరోసిన్‌తో చేతులు రుద్దుకున్నారు. దయచేసి ఎవరూ ఆ పని చేయకండి, చర్మం మీది రక్షణ పొర పోయి విషం ఇంకా లోపలికి వెళుతుంది. వంటనూనె రాసి, గుడ్డతో తుడిచి, తర్వాత సబ్బుతో కడగాలి.

ఇంకో మాట. ప్రభుత్వం అప్పుడు 2,301 జాలరి కుటుంబాలకు 12,500 రూపాయల చొప్పున, 787 పడవలకు 10,000 చొప్పున సాయం ప్రకటించింది. పడవలను లెక్కపెట్టవచ్చు. క్రీక్‌లో నడుం లోతు నీళ్లలో నిలబడి చేత్తో రొయ్యలు పట్టే ఇరుళ గిరిజనులకు లెక్కపెట్టడానికి పడవ ఏది? నీరు నల్లబడితే మొదట ఆగేది వాళ్ల పొయ్యే. సేవాదళం పేరుతో మనం ఒడ్డున ఫోటోలు దిగే లోపల వాళ్ల సంగతి ఎవరు రాస్తారు?

మాధవరం:
ఫోటోల మాట కాస్త ఎక్కువైంది అమ్మా. వచ్చినవాళ్లందరూ ఫోటోల కోసం రాలేదు.

పులికాట్ కోడలు:
అందరూ అనలేదు అన్నయ్యా. కొందరు వచ్చారు, అది మీకూ తెలుసు.

అడయార్ వకీలు:
ఆలస్యంగా వచ్చాను, కాస్త పొడుగ్గా రాస్తాను. ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది. ఆ పనికి కూలి ఎవరు ఇస్తారు?

ముందు ఎవరి బాధ్యత ఏమిటో చూడండి. 1996 నుంచి దేశంలో జాతీయ చమురు కాలుష్య విపత్తు ప్రణాళిక అమలులో ఉంది. సముద్రంలో సమన్వయం కోస్ట్ గార్డ్‌ది. రేవు హద్దుల్లో రేవుది. తీరాన్ని శుభ్రం చేయించాల్సింది రాష్ట్ర ప్రభుత్వం, అంటే ఆచరణలో జిల్లా కలెక్టరు. 700 టన్నుల లోపు చమురు పడితే అది మొదటి స్థాయి, స్థానిక వనరులతోనే ఎదుర్కోవాలి. 2017లో పడింది దాదాపు 200 టన్నులు. ఢిల్లీ నుంచి ఎవరో దిగివస్తారని ఎదురుచూసే కొలత కాదది. తీరా ఏమవుతుంది? చమురు సముద్రం మీద ఉన్నంతసేపు ఒక కార్యాలయం, ఇసుకను తాకగానే ఇంకో కార్యాలయం. ఒకరు వదిలి ఇంకొకరు అందుకునే ఆ మధ్య గంటల్లోనే అది ఊరి మీద పడుతుంది.

ఇక కూలి. ఓడల ఇంధన చమురు వల్ల జరిగిన నష్టానికి ఓడ యజమాని, అతని బీమా సంస్థ చెల్లించాలని 2001 నాటి బంకర్ ఒప్పందం చెబుతుంది. శుభ్రం చేయడానికి అయిన సహేతుకమైన ఖర్చు కూడా అందులోకి వస్తుంది. అయితే కాగితం కావాలి. ఎవరు, ఏ తేదీన, ఏ చోట, ఎన్ని గంటలు పనిచేశారు, ఎన్ని డ్రమ్ములు నిండాయి, ఎవరు సంతకం పెట్టారు. మేష్టారి విద్యార్థులు రోజంతా ఉచితంగా చేసిన పని ఏ బిల్లులోనూ రాదు. అంటే మనం సముద్రానికి సేవ చేస్తున్నామనుకుంటూ ఓడ యజమానికి రాయితీ ఇచ్చాం. అదే పనిని కుప్పం మనుషులు రోజుకూలికి, పడవ అద్దెకు, హాజరు పట్టీ మీద చేస్తే, ఆ ఖర్చు కాలుష్యం చేసినవాడి నెత్తిన పడుతుంది. పని పోయిన రోజుల్లో వాళ్ల ఇంట్లో బియ్యమూ వస్తుంది.

2023లో ఓడ లేదు, కర్మాగారం ఉంది, కాబట్టి బంకర్ ఒప్పందం వర్తించదు. ఆ వివాదం జాతీయ హరిత ట్రిబ్యునల్ దక్షిణ బెంచి ముందుకు వెళ్లింది. అక్కడా గెలిపించేది కాగితమే. మొదటి రోజు సీసాలో పట్టిన నమూనా, సమయంతో ఉన్న ఫోటో, పంచుల, అంటే చూసిన సాక్షుల సంతకం ఉండాలి. మనవాళ్లు ఉత్సాహంగా తుడిచేస్తే సాక్ష్యమూ తుడిచిపెట్టుకుపోతుంది.

అందుచేత నా అభిప్రాయం: సంఘం బకెట్లు కొనకూడదు. డబ్బుంటే రిజిస్టర్లు కొనండి.

పెరంబూర్ మేష్టారు:
వకీలు గారూ, తీరం మీద తాబేలు ఊపిరాడక కొట్టుకుంటుంటే హాజరు పట్టీ తెరవమంటారా? జనవరి నుంచి మార్చి దాకా గుడ్లు పెట్టే కాలం. 2017లో చమురు సరిగ్గా అప్పుడే పడింది. అది ఎన్నూరులోనే ఆగలేదు, దక్షిణంగా మెరీనా దాటి వెళ్లింది.

వేళచ్చేరి ఇంజనీరు:
దక్షిణంగానే వెళుతుందని జాలరులను అడిగి ఉంటే మొదటి రోజే చెప్పేవారు. ఈశాన్య రుతుపవనాల కాలంలో మన తీరపు నీటి వాటం ఉత్తరం నుంచి దక్షిణానికి, తర్వాత తిరగబడుతుంది. హైదరాబాదులోని సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ కూడా చమురు ఎటు కదులుతుందో అంచనా కట్టి ఇస్తుంది. ఆ అంచనా కుప్పం పెద్దల ఫోనుకు చేరాలి కదా. మనం చేయగల పని అక్కడుంది.

తాబేళ్ల సంగతికి వస్తే, ఈ ఊళ్లోనే విద్యార్థుల బృందం ఒకటి 1988 నుంచి గుడ్ల కాలంలో రాత్రిళ్లు తీరం వెంట నడుస్తోంది. వాళ్లూ స్వచ్ఛందంగా వచ్చేవారే. తేడా ఏమిటంటే, ఎక్కడ నడవాలో, ఏది ముట్టుకోవచ్చో, ఏది ముట్టుకోకూడదో నేర్చుకుని వస్తారు. మన జాబితాలో ఉన్న పేర్లకు ఆ శిక్షణ ఎవరిచ్చారు? చమురు అంటిన చెప్పులతో వందమంది ఇసుక తొక్కితే పైన ఉన్న మడ్డి లోపలికి దిగుతుంది. పారతో తవ్వితే ఒక బకెట్ చమురుకు పది బకెట్ల ఇసుక వస్తుంది. అదంతా ప్రమాదకర వ్యర్థమే, చెత్తకుప్పలో పోయడానికి వీల్లేదు. 2017లో ఎత్తిన మడ్డిని రేవు ప్రాంగణంలో అడుగున పొర పరచిన గుంటల్లో పోసి, సూక్ష్మజీవులతో శుద్ధి చేయాల్సి వచ్చింది. ఎత్తడం ఒక రోజు పని, దాన్ని ఎక్కడ పెట్టాలన్నది నెలల పని.

మాధవరం:
నేను మాత్రం మేష్టారి వైపే. శిక్షణ, రిజిస్టరు, గుంట అన్నీ సరే. ఇవేవీ లేని ఊళ్లో రేపు చమురు పడితే? జవాబు ఒక్కరూ చెప్పలేదు.

పులికాట్ కోడలు:
నేను చెబుతాను. కుప్పం పంచాయతీ పెద్దల దగ్గరికి వెళ్లండి. ఏం కావాలని అడగండి. నాకు తెలిసి వాళ్లు అడిగేవి చేతి తొడుగులు, గమ్ బూట్లు, తాగే నీళ్లు, ఒక డాక్టరు, తమిళంలో అర్జీ రాసిపెట్టే మనిషి. మన పిల్లలు చమురులో దిగాల్సిన అవసరం ఈ పట్టికలో ఎక్కడైనా కనిపించిందా? గర్భిణులను, పసిపిల్లలను ఆ వాసనకు దూరంగా ఒక బడిలోకి చేర్చడం కూడా సేవే. కాకపోతే అది పత్రికలో బొమ్మగా రాదు.

రాయపురం రావు:
ప్రతిపాదనను ఇలా మార్చి రాశాను, చూడండి. బకెట్లు, పారలు తీసేశాను. చేతి తొడుగులు, బూట్లు కుప్పాలకే ముందుగా ఇచ్చి ఉంచుతాం. మన జాబితాలోని వారు తీరానికి ఇవతల ఉండి ఫోటో, నమూనా, రిజిస్టరు పనులు, నీళ్లు, అర్జీలు చూస్తారు. మొదటి రోజు నుంచీ జాలరుల పడవలను అద్దెకు, మనుషులను కూలికి తీసుకునేలా ముందే ఉత్తర్వు ఇవ్వాలని, ఆ పని చూసే అధికారి పేరు ప్రకటించాలని కలెక్టరుకు వినతిపత్రం ఇస్తాం. వకీలు గారు ముసాయిదా రాస్తామన్నారు.

అడయార్ వకీలు:
రాస్తాను. అధికారి పేరు కాదు, హోదా అడగండి. పేర్లు బదిలీలతో మారిపోతాయి.

పెరంబూర్ మేష్టారు:
బకెట్లు తీసేసినందుకు గొడవ పెట్టుకోను. కానీ ఒక వాక్యం చేర్చండి రావుగారూ: చమురు ఒడ్డు తాకిన తర్వాత 24 గంటల్లో పని మొదలుకాకపోతే, శిక్షణ పొందినవారు కుప్పం పెద్దలు చెప్పిన చోట దిగవచ్చు. ఆ వాక్యం లేకుంటే నా ఓటు వ్యతిరేకమే.

పులికాట్ కోడలు:
"కుప్పం పెద్దలు చెప్పిన చోట" అన్నారు కాబట్టి నాకు సమ్మతమే. కూలి మాత్రం ఆ 24 గంటలకూ లెక్కకట్టాలి.