పొగకు పాడైన ఊపిరితిత్తులు: రుజువు భారం ఎవరి మీద ఉండాలి?

కాజీపేట బిడ్డ

మా బాపు అగ్నిమాపక శాఖలో ముప్పై ఏండ్లకు పైగా పనిచేసి, లీడింగ్ ఫైర్‌మ్యాన్‌గా రిటైరై రెండున్నరేండ్లయింది. రిటైరైన ఎనిమిది నెలలకు దమ్ము మొదలైంది. ఇప్పుడు మా ఇంటి మేడ మెట్లు పదిహేడు ఎక్కాలంటే తొమ్మిదో మెట్టు దగ్గర గోడకు చెయ్యి ఆనించి కాసేపు నిలబడుతున్నారు. ఉద్యోగం వల్ల వచ్చిన జబ్బుగా గుర్తించి పరిహారం ఇవ్వాలని పెట్టుకున్న దరఖాస్తును ఒక కార్యాలయం వాపసు పంపింది. జబ్బుకూ ఉద్యోగానికీ సంబంధం ఉన్నట్టు ఆధారం జతచేయలేదన్నది కారణం. దానికి తోడు, ఆస్పత్రి కేస్ షీట్‌లో ఎవరో "బీడీ, 12 సంవత్సరాలు" అని రాశారు. ఆ బీడీని ఆయన నేను పుట్టిన ఏడాదే మానేశారు, నాకిప్పుడు ముప్పై రెండేండ్లు.

నా ప్రశ్న ఒక్కటే. ఇన్నేండ్లు మంటల్లో పనిచేసిన మనిషికి ఊపిరితిత్తుల జబ్బు వస్తే, అది ఉద్యోగం వల్లనే వచ్చిందని చట్టం ముందుగా ఒప్పుకొని, కాదనేవాళ్లే రుజువు చేయాలా? లేక ప్రతి ఒక్కరూ ఏ మంట, ఏ పొగ అని వెతికి చూపించాలా?

లేబర్ వకీలు, హన్మకొండ

అమ్మా, ముందు చట్టం ఎక్కడ నిలబడి ఉందో చెబుతాను. 1923 నాటి నష్టపరిహార చట్టంలో, అది ఎవరికి వర్తిస్తుందో చెప్పే రెండో షెడ్యూల్‌లో అగ్నిమాపక దళంలో పనిచేసేవారి ప్రస్తావన ఉంది, ప్రభుత్వ శాఖ అయినంత మాత్రాన ఆ చట్టం పరిధి దాటిపోదు. 2025 నవంబర్ 21 నుంచి సామాజిక భద్రతా కోడ్ దాని స్థానంలోకి వచ్చినా, మీ నాన్నగారి జబ్బు అంతకుముందే బయటపడింది కనుక పాత చట్టం ప్రకారమే మాట్లాడుతున్నాను.

చిక్కు, పని వల్ల వచ్చే జబ్బుల (వృత్తివ్యాధుల) పట్టిక అయిన మూడో షెడ్యూల్‌లో ఉంది. అందులో ఉన్న వృత్తివ్యాధి వస్తే, దాన్ని పనిలో జరిగిన ప్రమాదంగానే భావిస్తారు. పత్తి దుమ్ముతో వచ్చే ఊపిరితిత్తుల జబ్బు అందులో ఉంది, బొగ్గు దుమ్ముతో వచ్చేదీ ఉంది. 1934లో మొదలైన మన ఆజంజాహీ మిల్లులో సోమవారం పనిలోకి రాగానే ఛాతీ పట్టేసిందని చెప్పుకున్న కార్మికుడికి ఆ పట్టికలో చోటు ఉంది. అదే పత్తి తగలబడితే ఆర్పడానికి వెళ్లినవాడికి మాత్రం, కార్బన్ మోనాక్సైడ్ విషప్రభావం, గుర్తింపు పొందిన పదార్థాల వల్ల వచ్చే ఉబ్బసం అనే రెండు సందులు తప్ప, మంటల పొగతో ఏండ్ల తరబడి పాడైన ఊపిరితిత్తులకు పేరుపెట్టి చోటివ్వలేదు. పట్టికలో లేని జబ్బుకు, ఫలానా ప్రమాదం వల్ల నేరుగా వచ్చిందని చూపించాలి. ఈ తేడా నాకెప్పుడూ అన్యాయంగానే కనిపిస్తుంది.

గడువు రెండేండ్లు. ఉద్యోగం మానిన రెండేండ్లలోపు వృత్తివ్యాధి లక్షణాలు బయటపడితే, అవి మొదట గుర్తించిన రోజునే ప్రమాదం జరిగిన రోజుగా లెక్కిస్తారు. మీ లెక్క ప్రకారం అది ఇరవై రెండు నెలల కిందటి మాట, అంటే మీకు మిగిలింది రెండు నెలలు. ఆలస్యానికి తగిన కారణం చూపితే ఈ దావాలు విచారించే కమిషనర్ మన్నించవచ్చు గానీ, దాని మీద ఆశ పెట్టుకొని కూర్చోవద్దు.

పాత ఆడిటర్

బిడ్డ బాధ అర్థమైంది, అయినా నా అభిప్రాయం వేరు. ఫైర్‌మ్యాన్‌కు జీతంతో కూడిన సెలవు ఉంది, పింఛను ఉంది, ప్రభుత్వ ఉద్యోగుల వైద్య పథకం ఉంది. రుజువు అడగకుండా ఒక వర్గానికి పరిహారం ఇస్తే మిగతావాళ్లు ఏం పాపం చేశారు? గింజ తీసి పత్తిని బేళ్లుగా కట్టే జిన్నింగ్ మిల్లులో మంట లేచినప్పుడు ఫైర్ ఇంజన్ రాకముందు అరగంటపాటు మూతికి తువ్వాల కట్టుకొని బేళ్లు ఈడ్చేది హమాలీలు. వాళ్లు మింగింది పొగ కాదా? వాళ్లకు పింఛను కూడా లేదు.

ఇంకొకటి. పన్నెండేండ్లు బీడీ తాగిన ఊపిరితిత్తికి, తాగని ఊపిరితిత్తికి తేడా చూడవద్దంటే, అది దయ కావచ్చు గాని లెక్క కాదు. ప్రభుత్వ సొమ్ము చెల్లించేటప్పుడు ఆధారం అడగడం తప్పెలా అవుతుంది?

స్టేషన్ డ్యూటీ

నేను సర్వీసులో ఉన్నాను, అందుకని స్టేషన్ పేరు చెప్పను. ఆడిటర్ గారు ఆధారం అడుగుతున్నారు కాబట్టి, అది ఎందుకు ఉండదో చెబుతాను.

పత్తి మంట చూడటానికి పెద్దగా ఉండదు. ఒక్కో బేలు 170 కిలోలు, యంత్రంతో అదిమి కట్టినది. ఎంత నీళ్లు కొట్టినా పై పొర తడుస్తుంది, లోపల నిప్పు పురుగులా తొలుచుకుంటూ పోతూనే ఉంటుంది. జేసీబీతో గుట్టను లాగి, ఒక్కొక్క బేలు తీగ కోసి, కొక్కేలతో విప్పి, పొరపొరా తడిపితే తప్ప ఆరదు. ఒక్కోసారి అలా ఒకటిన్నర రోజు పడుతుంది. బీఏ సెట్టు, అంటే సిలిండర్ గాలి పీల్చే మాస్కు సెట్టు, ఉండదా అని అడుగుతారు. ఉంటుంది. ఆరు లీటర్ల సిలిండర్‌లో 300 బార్ల ఒత్తిడికి నింపిన గాలి, కష్టపడి పనిచేసే మనిషికి అరగంట, మహా అయితే ముప్పావుగంట వస్తుంది. మంటలో చొరబడటానికి అది సరిపోతుంది గాని, ఒకటిన్నర రోజు పొగలో బేళ్లు విప్పడానికి ఎన్ని సిలిండర్లు కావాలో మీరే లెక్కవేయండి. మంట కనబడకపోతే సెట్టు తీసేస్తాం, తడి రుమాలు కట్టుకుంటాం. ఇక మిర్చి గోదాము తగలబడితే ఆ ఘాటు గురించి వరంగల్‌లో ఎవరికీ కొత్తగా చెప్పనక్కర్లేదు.

తిరిగొచ్చాక రిపోర్టు రాస్తాం. ఎన్ని గంటలకు కాల్ వచ్చింది, ఎన్ని బండ్లు వెళ్లాయి, నష్టపోయిన ఆస్తి ఎంత, కాపాడిన ఆస్తి ఎంత అన్నీ అందులో ఉంటాయి. పొగలో ఎవరు ఎన్ని గంటలు ఉన్నారు, సెట్టు ఎవరు ఎప్పుడు తీశారు అనే గడిని నా సర్వీసులో నేను చూడలేదు.

ఛాతీ డాక్టర్

స్టేషన్ డ్యూటీ గారు చెప్పినదానికి నాది ఒక చేర్పు. శరీరం కూడా ఆధారాన్ని ఎక్కువసేపు నిలిపి ఉంచదు. రక్తంలోని కార్బన్ మోనాక్సైడ్ మామూలు గాలి పీలిస్తే నాలుగైదు గంటలకు సగమవుతుంది, మాస్కుతో ఆక్సిజన్ పెడితే ఇంకా త్వరగా తగ్గిపోతుంది. మంట దగ్గర నుంచి ఇంటికి వెళ్లి, స్నానం చేసి, పడుకొని లేచి, మరునాడు తలనొప్పి అని వచ్చిన మనిషి రక్తంలో నేను పట్టుకోవడానికి ఏమీ మిగలదు.

అయితే పొగ పక్షాన అతిగా వాదించడం కూడా సరికాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2022లో ఫైర్‌మ్యాన్ వృత్తిని క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. తగిన ఆధారాలున్నాయని చెప్పింది మాత్రం మీసోథీలియోమాకూ (ఊపిరితిత్తుల చుట్టూ ఉండే పొరకు వచ్చే క్యాన్సర్), మూత్రాశయ క్యాన్సర్‌కూ. ఊపిరితిత్తుల క్యాన్సర్ ఆ రెండింటిలో లేదు. దమ్ము జబ్బు విషయానికొస్తే, పొగా బీడీ కలిసి చేసే నష్టాన్ని ఇది ఇంత, అది అంత అని విడదీసే పరీక్ష నా దగ్గర లేదు. ఉద్యోగంలో చేరిన రోజున ఒకసారి, తర్వాత ఏటా ఒకసారి ఊదుడు పరీక్ష చేయించి దాచిపెట్టి ఉంటే, ఊపిరి ఏ ఏడు ఎంత పడిపోయిందో గీత గీసి చూపించేవాణ్ని. ముప్పై రెండేండ్ల కిందట మానేసిన బీడీని ఈ రోజు అసలు కారణమని రాయడానికి మాత్రం నా కలం ఒప్పుకోదు.

లేబర్ వకీలు, హన్మకొండ

డాక్టర్ గారి మాటతో నా వాదం తేలికైంది. ఆస్‌బెస్టాస్ కార్మికుల కేసులో సుప్రీంకోర్టు 1995లో, ప్రతి కార్మికుడి ఆరోగ్య రికార్డును ఉద్యోగంలో చేరినప్పటి నుంచి 40 ఏండ్లు, లేదా మానేశాక 15 ఏండ్లు, ఏది తర్వాతయితే అంతవరకు భద్రపరచాలని ఆదేశించింది. జబ్బు ఆలస్యంగా బయటపడే పనిలో రికార్డు యజమాని దగ్గరే ఉండాలన్నది దాని సారం. రికార్డు పెట్టవలసినవారు పెట్టకుండా, అది లేదని కార్మికుడి దరఖాస్తు తిప్పి పంపడం ఏ న్యాయం?

ఆడిటర్ గారూ, ముందస్తు ఒప్పుకోలు అంటే కళ్లు మూసుకొని చెల్లించడం కాదు. కెనడాలోని మానిటోబా 2002లో ఫైర్‌మ్యాన్లకు కొన్ని క్యాన్సర్ల విషయంలో ఇటువంటి చట్టం చేసింది. దానికి కనీస సర్వీసు షరతు ఉంది, కాదని చూపే అవకాశం యజమానికీ ఉంది. ఖర్చు సంగతి కూడా చూడండి. పరిహారం లెక్కకు 2020లో నిర్ణయించిన నెల జీతం పరిమితి 15,000 రూపాయలు. శాశ్వతంగా, పూర్తిగా పనికి దూరమైన యాభై ఏండ్ల మనిషికి అందులో అరవై శాతాన్ని, ఆ వయసుకు చట్టం పెట్టిన గుణకం 153.09తో గుణిస్తే 13,77,810 రూపాయలు. ఒక జిన్నింగ్ మిల్లు రిపోర్టులో "కాపాడిన ఆస్తి" గడిలో రాసే అంకె పక్కన దీన్ని పెట్టి చూడండి.

పాత ఆడిటర్

లెక్క చూశాను. కనీస సర్వీసు షరతు ఉండి, కాదనే హక్కు శాఖకు ఉంటే నా అభ్యంతరం సగం తగ్గుతుంది. హమాలీ సంగతికి మాత్రం ఇంతవరకు ఎవరూ జవాబు చెప్పలేదు, అది చెప్పేదాకా మిగతా సగం వదులుకోను.

లేబర్ వకీలు, హన్మకొండ

హమాలీ విషయంలో మీరే గెలిచారు, నా దగ్గర జవాబు లేదు.

బిడ్డా, మీరు ఈ వారంలోనే సమాచార హక్కు కింద పది రూపాయల ఫీజుతో దరఖాస్తు పెట్టి, మీ నాన్నగారు పనిచేసిన స్టేషన్ల కాల్ రిజిస్టర్లకు, డ్యూటీ హాజరుకు ధ్రువీకరించిన నకళ్లు అడగండి. జవాబుకు ముప్పై రోజుల గడువు ఉంటుంది, మనకున్న రెండు నెలల్లో సగం అక్కడే పోతుంది. అంతలోపు ఆయనకు గుర్తున్న పెద్ద మంటలన్నీ కాగితం మీద పెట్టించండి.

కాజీపేట బిడ్డ

దరఖాస్తు నిన్ననే ఇచ్చాను, సార్. పాత క్యాలెండర్ కాగితాల వెనుక బాపు చెబుతుంటే రాస్తున్నాను. ఆయనకు తారీఖులు గుర్తులేవు. "సమ్మక్క జాతర ఏడు, అమ్మవార్లు వనానికి పోయిన మరునాడు, పత్తి మిల్లు", "సద్దుల బతుకమ్మకు రెండు దినాల ముందు, మిర్చి గోదాము" అని చెబుతున్నారు, తారీఖులు నేను పంచాంగంలో వెతుక్కుంటున్నాను. ఇప్పటికి నలభై ఒకటి అయ్యాయి. వాటిలో మూడింటిని ఆయనే కొట్టేయించారు, "ఆ దినం నేను సెట్టు తియ్యలేదు, అవి రాయకు" అని.