అవిసె గింజల్లో ఫ్యాడ్3 జీన్ ఆన్‌లోనే ఉంది, నూనెలో ఒమేగా-3 మాత్రం లేదు. ఎందుకని?

గింజ_ల్యాబ్:
అందరికీ నమస్తే. ఎమ్మెస్సీ బయోటెక్ ప్రాజెక్టు అవిసె మీద చేస్తున్నా. రెండు రకాలు తీసుకున్నాం. ఒకటి మామూలు రకం, దాని నూనెలో సగానికి పైగా ఆల్ఫా లినోలెనిక్ ఆమ్లమే, అంటే ఒమేగా-3. ఇంకోటి మా గైడ్ గారు తెప్పించిన తక్కువ లినోలెనిక్ లైన్, అందులో అది 3 శాతం కూడా దాటదు. పువ్వు విచ్చిన రోజే కాడకి దారం కట్టి, 8, 16, 24, 32 రోజులకి కాయలు కోసి, సగం గింజలు ఆర్‌ఎన్‌ఏకి, సగం నూనెలో ఏ కొవ్వు ఆమ్లం ఎంతుందో కొలిచే గ్యాస్ క్రొమటోగ్రఫీకి వాడాం. నేను చదివిన దాన్ని బట్టి ఒమేగా-3ని తయారుచేసే ఎంజైమ్‌కి జీన్ అయిన ఫ్యాడ్3 ఎంత గట్టిగా పనిచేస్తే ఒమేగా-3 అంత ఎక్కువ ఉండాలి. కానీ క్యూపీసీఆర్‌లో (జీన్ నుంచి ఎంత ఆర్‌ఎన్‌ఏ వస్తోందో కొలిచే పరీక్షలో) తక్కువ లైన్‌కి కూడా ఫ్యాడ్3 సిగ్నల్ వస్తోంది, మామూలు రకం కన్నా తక్కువే అనుకోండి, కానీ ఉంది. పైగా మామూలు రకంలో ఆ సిగ్నల్ మధ్య రోజుల్లో పైకెళ్లి 32 కల్లా పడిపోతోంది, ఒమేగా-3 శాతం మాత్రం కిందికి రావట్లేదు. గైడ్ గారు మళ్లీ చేసి చూడమంటున్నారు, సబ్మిషన్ దగ్గర పడుతోంది, టెన్షన్‌గా ఉంది. ప్రయోగంలో తేడా ఉందంటారా, లేక మొక్క తీరే ఇంతా?

ఎంజైమ్_రావు:
మొక్క తీరే ఇది, కంగారు పడకండి. మీరు రెండు వేరు వేరు ప్రశ్నలని కలిపేసి అడిగారు, ముందు సులువైనది తీసుకుందాం.

ఆర్‌ఎన్‌ఏ అంటే ఆ రోజు, ఆ గంటలో గింజలో ఏం నడుస్తోందో చెప్పేది. నూనె అంటే మొదటి నుంచి ఇప్పటిదాకా పోగైన నిల్వ. ఒకసారి ట్రైగ్లిజరైడ్‌గా, అంటే నిల్వ కొవ్వుగా మారి నూనె బిందువులో చేరిన లినోలెనిక్ ఆమ్లం, జీన్ ఆగిపోయినంత మాత్రాన మాయమైపోదు కదా. అవిసెలో ఫ్యాడ్3 జీన్లు రెండున్నాయి, ఫ్యాడ్3ఏ, ఫ్యాడ్3బీ. రెండూ పూత తర్వాత సుమారు 20 రోజుల దగ్గర జోరుమీదుంటాయి, గింజ ముదిరే కొద్దీ తగ్గుతాయి. అందుకని 32 రోజుల ఆర్‌ఎన్‌ఏని 32 రోజుల నూనెతో పోల్చకండి, అంతకు ముందు దశల ఆర్‌ఎన్‌ఏతో పోల్చండి. ఇంకో మాట, శాతాలు ఒక్కటే చూడొద్దు, గింజకి ఎన్ని మిల్లీగ్రాములో కూడా లెక్క కట్టండి. లినోలెనిక్ పరిమాణం పెరుగుతూనే ఉన్నా, ఒలియిక్ అనే ఇంకో కొవ్వు ఆమ్లం అంతకన్నా వేగంగా చేరితే శాతంలో తగ్గినట్టు కనిపిస్తుంది.

ఇక తక్కువ లైన్ సంగతి. గింజలో ఈ కొవ్వు ఆమ్లాలు ఒకదాన్నుంచి ఒకటి తయారవుతాయి, ఒక్కో మెట్టుకి ఒక్కో ఎంజైమ్. స్టియరిక్‌ని ఒలియిక్ చేసేది శాడ్, ఒలియిక్‌ని లినోలియిక్ చేసేది ఫ్యాడ్2, దానికి మూడో డబుల్ బాండ్ పెట్టి లినోలెనిక్ చేసేది ఫ్యాడ్3. 1980లలో ఆస్ట్రేలియా ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్‌ఐఆర్‌ఓలో ఆలన్ గ్రీన్ గ్లెనెల్గ్ అనే రకం గింజల్ని ఈఎంఎస్ రసాయనంతో మ్యుటేషన్‌కి గురిచేసి రెండు లైన్లు పట్టుకున్నాడు. విడివిడిగా చూస్తే రెండింటిలోనూ లినోలెనిక్ కొంత తగ్గింది గానీ పోలేదు. వాటిని క్రాస్ చేస్తే రెండో తరంలో, ప్రతి 16 మొక్కల్లో ఒకటి చొప్పున, దాదాపు 2 శాతానికి దిగిపోయినవి వచ్చాయి. అంటే ఈ పని చేసే జీన్లు రెండు ఉన్నాయన్నమాట, రెండూ చెడితే తప్ప ఒమేగా-3 పోదు. ఆ మొక్కల నుంచే లినోలా అనే తక్కువ లినోలెనిక్ రకాలు వచ్చాయి. 2005లో కెనడా వాళ్లు ఇలాంటి ఒక తక్కువ లినోలెనిక్ లైన్‌లో ఈ రెండు జీన్లనీ చదివితే, రెండింటిలోనూ ఒక్కొక్క అక్షరం మారి మధ్యలోనే స్టాప్ కోడాన్, అంటే ప్రోటీన్ తయారీని ఆపేసే గుర్తు, పడింది. ఆర్‌ఎన్‌ఏ తక్కువగానైనా తయారవుతోంది, ప్రోటీన్ మాత్రం సగంలో తెగిపోతోంది. దాన్ని ఈస్ట్‌లో పెట్టి చూసినా పనిచేయలేదు. మీ ప్రైమర్లు (క్యూపీసీఆర్‌లో జీన్‌ని పట్టుకునే చిన్న డీఎన్‌ఏ పోగులు) జీన్‌లో ఓ చిన్న ముక్కనే చూస్తాయి, ఆ ముక్క బాగుంటే సిగ్నల్ వస్తుంది. మీ లైన్‌లో కూడా ఇదే జరిగి ఉండొచ్చు, సీక్వెన్స్ చేస్తే గానీ తేలదు.

బెంచ్_మీద_బతుకు:
రావు గారు చెప్పిందానికి ఒక చిన్న కొసరు. ఫ్యాడ్3ఏ, ఫ్యాడ్3బీ అచ్చం కవలల్లా ఉంటాయి, మీ ప్రైమర్లు రెండింటినీ కలిపి లెక్కేస్తున్నాయేమో చూసుకోండి, "ఫ్యాడ్3" అని ఒక్కటే రాశారు కాబట్టి నాకా అనుమానం. యాక్టిన్ జీన్ ఒక్కదాన్నే రిఫరెన్స్‌గా, అంటే పోలికకి కొలబద్దగా పెట్టుకోకండి, గింజ పెరిగే దశల్లో అన్నీ మారుతుంటాయి, కనీసం రెండు మూడు పెట్టి ఏది నిలకడగా ఉందో చూడండి. ముదురు గింజల్లో జిగురు చంపేస్తుంది. ట్యూబ్‌లో పైన తేటగా ఉండాల్సింది గంజిలా సాగుతూ వస్తే ఆ ఆర్‌ఎన్‌ఏ రీడింగ్ ఎంత బాగున్నా నమ్మొద్దు.

రబీ_మొక్క:
ఛత్తీస్‌గఢ్‌లో అవిసె బ్రీడింగ్ ట్రయల్స్‌లో పనిచేస్తున్న తెలుగువాణ్ణి. ఇద్దరూ జీన్ల గురించే చెప్పారు, వాతావరణాన్ని వదిలేశారు. ఒకే రకాన్ని ఆలస్యంగా విత్తితే గింజ నిండే సమయం ఎండల్లో పడుతుంది, అప్పుడు లినోలెనిక్ తగ్గి ఒలియిక్ పెరుగుతుంది. చలిలో నిండితే దానికి రివర్స్. ఇందులో ఆర్‌ఎన్‌ఏ పాత్ర కొంతే, ఫ్యాడ్3 ప్రోటీనే వేడికి త్వరగా విరిగిపోతుందని వేరే మొక్కల ఫ్యాడ్3 జీన్లని ఈస్ట్‌లో పెట్టి చేసిన పనుల్లో తేలింది. కాబట్టి మీ రెండు రకాలూ ఒకే రోజున పూతకి వచ్చాయా? రాకపోతే ఆ తేడాని కూడా థీసిస్‌లో రాయండి, వైవాలో ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. పుణె నేషనల్ కెమికల్ లాబొరేటరీ వాళ్లు మన దేశపు రకాల మీదే శాడ్, ఫ్యాడ్2, ఫ్యాడ్3 మూడూ దశలవారీగా చూశారు, మీ గ్రాఫ్ పక్కన పెట్టుకోడానికి అదే బాగుంటుంది.

వంటింటి_సుజాత:
మధ్యలో దూరుతున్నా, ఏమనుకోకండి. మేం అవిసె గింజల కారప్పొడి తినేదే ఒమేగా-3 కోసం. దాన్నే తీసేసిన రకం ఎవరికండీ?

రబీ_మొక్క:
మీకు కాదు సుజాత గారూ, నూనె మిల్లులకి. లినోలెనిక్‌కి మూడు డబుల్ బాండ్లు ఉండటం వల్ల గాలి తగిలితే చాలు ఆక్సీకరణ మొదలవుతుంది. పెయింట్‌కి, క్రికెట్ బ్యాట్‌కి పూసే నూనెకి ఆ ఎండిపోయే గుణమే కావాలి, వంట నూనెకి అదే శాపం, త్వరగా కంపు కొడుతుంది. అందుకే మన దగ్గర కూడా భాభా అణు పరిశోధన కేంద్రం వాళ్లు టీఎల్ 99 అని తక్కువ లినోలెనిక్ రకం తెచ్చారు. మీరు మామూలు గింజలే కొనుక్కోండి, పొడి మాత్రం కొంచెం కొంచెంగా కొట్టుకుని గాలి తగలకుండా ఫ్రిజ్‌లో పెట్టుకోండి.

గింజ_ల్యాబ్:
అందరికీ చాలా థ్యాంక్స్. ప్రైమర్లు చూశాను, బెంచ్ గారి అనుమానం నిజమే, ఏ, బీ రెండింటికీ సరిగ్గా అతుక్కుంటున్నాయి. వేర్వేరు ప్రైమర్లు ఆర్డర్ పెడుతున్నా, తక్కువ లైన్ నుంచి రెండు జీన్లూ పూర్తిగా యాంప్లిఫై చేసి సీక్వెన్సింగ్‌కి పంపిస్తా. పూత తేదీలు నోట్‌బుక్‌లో ఉన్నాయి, తక్కువ లైన్ వారం ఆలస్యంగా పూసింది. రావు గారూ, స్టాప్ కోడాన్ దొరక్కపోతే తర్వాత ఏం చూడమంటారు?

ఎంజైమ్_రావు:
అప్పుడు ఫ్యాడ్3 తర్వాతి మెట్టుకి వెళ్లండి. లినోలెనిక్‌ని ఫాస్ఫాటిడైల్‌కోలిన్ అనే కణపొర కొవ్వు నుంచి తీసి ట్రైగ్లిజరైడ్‌లో పెట్టే పీడాట్ ఎంజైములు అవిసెలో ఉన్నాయి, వాటిలో కొన్నింటికి లినోలెనిక్ అంటే ప్రత్యేకంగా ఇష్టమని అల్బర్టా యూనివర్సిటీ వాళ్లు చూపించారు. కానీ 3 శాతం కన్నా కిందికి పోయిందంటే నా పందెం ఫ్యాడ్3 మీదే. సీక్వెన్స్ రాగానే ఇక్కడే పెట్టండి.