నాన్నకు మాట రావట్లేదు, పాట మాత్రం వస్తోంది

ఖమ్మం అమ్మాయి:
మూడు నెలల కిందట నాన్నకు పక్షవాతం వచ్చింది, కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి, మాట పోయింది. మనం చెప్పేది బాగానే అర్థమవుతుంది కానీ నీళ్లు అడగాలన్నా "అ... అ..." అని ఆగిపోయి కళ్లనీళ్లు పెట్టుకుంటారు. మొన్న శనివారం అమ్మ దీపం వెలిగిస్తూ భజన పాట ఎత్తుకుంటే పక్కన కూర్చున్న నాన్న పల్లవంతా పదాలతో సహా పాడేశారు! అమ్మ వేలు కాలేదాకా అగ్గిపుల్ల పట్టుకుని అలాగే ఉండిపోయింది. దీన్ని పట్టుకుని మాట తెప్పించే దారి ఏమైనా ఉందా?

స్పీచ్ థెరపిస్ట్, విజయవాడ:
ఉందమ్మా. మీరు చెప్పింది వింటే బ్రోకాస్ అఫేసియాలా ఉంది, అంటే ఎదుటివాళ్లు చెప్పేది చాలావరకు అర్థమైనా తను మాట కూర్చలేకపోవడం, పరీక్ష చేసి తేల్చాలి. చాలామందికి మాట కూర్చే భాగం మెదడులో ఎడమవైపే ఉంటుంది, పాటకు మాత్రం కుడివైపు కూడా పనిచేస్తుంది. దీని ఆధారంగానే 1973లో బోస్టన్‌లో మెలొడిక్ ఇంటొనేషన్ థెరపీ, అంటే రాగంతో, లయతో మాట తెప్పించే పద్ధతి, తయారు చేశారు. అప్పటి అమెరికా కాంగ్రెస్ సభ్యురాలు గాబీ గిఫర్డ్స్‌కు 2011లో తలలోంచి తూటా దూసుకెళ్లి మాట పడిపోయాక, ఆమె కోలుకోవడంలో మ్యూజిక్ థెరపీ కూడా ఉంది.

ఒక్కటి గుర్తుంచుకోండి, భజన ఎన్నిసార్లు పాడించినా అది పాటగానే ఉండిపోతుంది. రోజూ అవసరపడే మాటనే పాట చెయ్యాలి. "నీళ్లు కావాలి" తీసుకోండి, రెండే స్వరాలు చాలు, ఒకటి కింద, ఒకటి కాస్త పైన. ఎదురుగా కూర్చుని ఆయన ఎడమ చెయ్యి పట్టుకుని నీ-ళ్లు-కా-వా-లి అని అక్షరానికో తట్టు. ముందు రాగం మాత్రం మూలగండి, తర్వాత కలిసి పాడండి, సగంలో మీరు ఆగిపోండి. అది కుదిరాక "ఏం కావాలి నాన్నా?" అని అడగండి. రాగం మెల్లగా తగ్గించుకుంటూ రావాలి, దీనికి వారాలు పడుతుంది, దగ్గర్లో స్పీచ్ థెరపిస్ట్ ఉంటే తప్పకుండా చూపించండి.

నల్గొండ రవి:
అక్కా, కాలికి కూడా లయ పనికొస్తుంది. మా అమ్మకు పార్కిన్సన్స్ (వణుకుడు జబ్బు), గడప దగ్గరకు రాగానే కాళ్లు నేలకు అతుక్కున్నట్టు ఆగిపోయేది. ఆమె నిమిషానికి ఎన్ని అడుగులు వేస్తుందో మా ఫిజియో లెక్కపెట్టి, ఫోన్‌లో మెట్రోనోమ్ (టిక్ టిక్ అని లయ కొట్టేది) అదే వేగానికి పెట్టి నడిపించారు, అలవాటయ్యాక కొంచెం పెంచారు. పక్షవాతం వచ్చినవాళ్లకూ ఇది చేయిస్తారట, ఫిజియోను అడగండి. పక్కన మనిషి లేకుండా మాత్రం నడిపించొద్దు.

ఖమ్మం అమ్మాయి:
వారం నుంచి పొద్దున, సాయంత్రం చేస్తున్నాం. ఇవాళ నేను సగంలో ఆగితే "కా...వా" దాకా ఆయనే అన్నారు. "లి" రాలేదు, చెయ్యి మాత్రం ఐదో తట్టు కొట్టింది.