పాత రాతలు కొత్తవాళ్ల కోసం మళ్లీ పెట్టాలా? పెడితే ఎట్లా పెట్టాలి?

హన్మకొండ చదువరి:
మన ఓరుగల్లు గుడులు, చెరువుల మీద ఏళ్ల తరబడి రాస్తున్న ఒక పెద్దాయన ఈ మధ్య తన పాత వ్యాసాలు ఒక్కొక్కటే మళ్లీ పెడుతున్నారు. ‘సరుకు అయిపోయింది, పాతవే తిప్పుతున్నాడు’ అని కామెంట్లు. నాకు చాలా బాధేసింది. ఇప్పుడు ఇంటర్ చదివే అమ్మాయి 2014లో అంగన్‌వాడీకి పోతుండొచ్చు, అప్పుడు రాసింది ఆమె ఎట్లా చదువుతుంది? ఫేస్‌బుక్‌లో నాలుగు రోజులు గడిస్తే రాసినవాళ్లకే వెతికితే దొరకదు. నా మట్టుకు నేను మళ్లీ పెట్టాల్సిందే అంటాను. మీరేమంటారు?

కాజీపేట జంక్షన్:
నేను ఒప్పుకోను అక్కా. ఆయన్ని మొదటి నుంచీ చదువుతున్నవాళ్లం మేమూ ఉన్నాం. కొత్త వ్యాసమనుకుని తెరిస్తే సగం చదివాక అరే ఇది చదివిందే కదా అని తెలుస్తుంది. ఎక్కడా పాతదని రాయరు, తేదీ ఉండదు. కొత్తవాళ్లకు చూపించాలంటే రెండు ముక్కలు రాసి పాతదాని లింకు ఇస్తే సరిపోదా? ఇంకోటి, ఆ పాత వ్యాసాల కింద చదువుకున్నవాళ్లు వచ్చి చర్చ చేశారు, శాసనంలో ఫలానా పేరు అట్లా కాదు ఇట్లా చదవాలి అని సరిచేసినవాళ్లున్నారు. మళ్లీ కొత్తగా పెట్టేసరికి ఆ తప్పు అట్లనే మళ్లీ వస్తుంది, సరిచేసిన మాట మాత్రం పాతదాని కిందే ఉండిపోతుంది. ఇది కొత్త పాఠకులకు మేలు చేసినట్టా?

హన్మకొండ చదువరి:
లింకు పనిచేసినంత కాలం సరే తమ్ముడూ. ఆర్కుట్ 2014లో పోయింది, గూగుల్ ప్లస్ 2019లో, యాహూ గ్రూప్స్ 2020లో. వాటిలో మనవాళ్లు ఎంత రాసుకున్నారో! దాచుకుని మళ్లీ పెట్టినవాళ్ల రాతలే ఇవాళ మిగిలాయి. సరిచేసిన మాటల సంగతి మాత్రం నువ్వన్నది నిజం, వాటినీ వ్యాసంలో కలపాలి.

డీటీపీ పని:
చౌరస్తా దగ్గర డీటీపీ చేస్తాను. పాతది మళ్లీ పెట్టడమంటే కూర్చున్న చోట బటన్ నొక్కడం అనుకుంటున్నారు, అది సరికాదు. పదేళ్ల కింది రాతలు చాలావరకు అను ఫాంట్లలో, అంటే ఆ ఫాంట్ ఉన్న కంప్యూటర్‌లోనే తెలుగు కనిపించే పద్ధతిలో, కొట్టినవే. ఆ ఫైలు కాపీ చేసి ఫోన్లో పేస్ట్ చేసి చూడండి, తెలుగు కనిపించదు, ఇంగ్లిష్ అక్షరాలూ పిచ్చి గుర్తులూ వస్తాయి. గూగుల్‌లో ఎంత వెతికినా తగలదు. యూనికోడ్‌లోకి, అంటే ఏ ఫోన్లోనైనా తెలుగుగానే కనిపించే పద్ధతిలోకి మార్చాలి, మార్చాక వత్తులు ఒక చోట పోతాయి, ఒక చోట అక్షరం మీది గుడికి దీర్ఘం ఎగిరిపోతుంది, అవన్నీ అసలు పేజీ పక్కన పెట్టుకుని వరసగా చూసుకోవాలి. అంత కష్టపడి మళ్లీ పెట్టినాయన్ని సరుకు లేదనడం అన్యాయం సార్.

నర్సంపేట మిర్చి:
మీరంతా గుడుల గురించి మాట్లాడుతున్నారు, మా దిక్కు కూడా కొంచెం చూడండి. 2021లో మిర్చి మీద నల్ల తామర పురుగు పడ్డప్పుడు రైతులు ఏది కనిపిస్తే అది చదివారు, ఎవరు ఏ మందు చెబితే అది కొట్టారు. ఆ టెన్షన్‌లో వాట్సాప్‌లో తిరిగినవాటిలో ఎప్పటివో పాత వ్యాసాలు కూడా ఉన్నాయి. అవి రాసిన రోజుల్లో తామర పురుగంటే ఆకు రసం పీల్చేది, ఆకు పైకి ముడుచుకునేది, మేం పైముడత అంటాం. ఈ కొత్తది పోయి పూతలో కూర్చుంటుంది, పూత రాలిపోతుంది. రెండూ ఒకటి కాదు. పైగా పాత వ్యాసాల్లో ఫోరేట్ గుళికలు, ట్రయజోఫాస్ అని ఉంటుంది. ఆ రెండింటినీ 2020 డిసెంబరు 31 నుంచి కేంద్రమే నిషేధించింది. రాసినాయన రాసిన రోజుకు తప్పు రాయలేదు. కానీ ఇవాళ తేదీ లేకుండా మళ్లీ పెడితే చదివే రైతుకు అది ఇవాళ్టి మాటే. అప్పు తెచ్చి మందు కొట్టేవాడు, ఆ మందు చేతులతో కలిపేవాడు, వాడి సంగతేంది? వ్యవసాయం, వైద్యం, ప్రభుత్వ పథకాలు, ఈ మూడింటి మీద పాతవి ఉన్నవి ఉన్నట్టు మళ్లీ పెట్టొద్దు. నా మాట ఇదే.

ములుగు రోడ్డు:
రైతన్న చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. కానీ సరిచేయడం పేరుతో చరిత్ర వ్యాసాలను తిరగరాయొద్దని నా మనవి. రామప్ప మీద పాత వ్యాసాలు చూడండి, ‘వరంగల్ జిల్లా పాలంపేట’ అని ఉంటుంది, 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన ఇంత గొప్ప గుడికి ప్రపంచ గుర్తింపు ఎప్పుడొస్తుందో అని ఆవేదన ఉంటుంది. 2016లో ఆ ఊరు భూపాలపల్లి జిల్లాలోకి పోయింది, 2019లో ములుగు జిల్లా అయింది, 2021 జులైలో యునెస్కో జాబితాలోకి ఎక్కింది. అట్లని ఆ ఆవేదనను తీసేసి ‘యునెస్కో గుర్తించిన రామప్ప’ అని మార్చితే, ఆ గుర్తింపు కోసం మనవాళ్లు ఎంత కాలం అడిగారో, ఎట్లా అడిగారో కొత్త పిల్లలకు ఎట్లా తెలుస్తుంది? లోపల అక్షరం ముట్టుకోకుండా, మొదటి లైన్లో రాసిన ఏడాది వేసి, మారిన సంగతులు పైన ఒక గమనికగా రాస్తే చాలు.

కాజీపేట జంక్షన్:
ఏడాది మొదటి లైన్లోనే వేస్తే నాకు పేచీ లేదు. చదివినవాళ్లం అక్కడే ఆగిపోతాం, చదవనివాళ్లు చదువుకుంటారు. కానీ వరస పెట్టి రోజుకొకటి వద్దు. ఇప్పటి సందర్భం ఏదైనా ఉంటే, మేడారం జాతర ముందు జాతర వ్యాసం, కాళోజీ పుట్టినరోజుకు ఆయన మీద రాసింది, అట్లా పెడితే బాగుంటుంది. జాతర వ్యాసమైనా సరే, అప్పటి బస్సులు, పార్కింగ్ వివరాలు మాత్రం తీసేసి పెట్టాలి.

నర్సంపేట మిర్చి:
ములుగు అన్నా, పైన గమనిక అన్నారు కదా, గుడి వ్యాసానికి అది నడుస్తుంది. మా దగ్గర నడవదు. ఎవరో మధ్యలో మందు పేరు, ఎకరానికి ఎంత అనేది ఉన్న ముక్క వరకే స్క్రీన్‌షాట్ తీసి గ్రూపులో వేస్తారు, మీ గమనిక పైనే ఉండిపోతుంది. మాకు వచ్చేది ఆ ముక్కే. అందుకే నిషేధించిన సంగతి మందు పేరు పక్కనే, అదే వాక్యంలో రాయాలి. ఆ ఓపిక లేకపోతే ఆ వ్యాసం మళ్లీ పెట్టనే వద్దు.