కొలంబియాలో ప్రైవేటు కాంట్రాక్టర్లు: బాధ్యత ఎవరిది?

ప్లాన్ కొలంబియా (మాదకద్రవ్యాల్ని, గెరిల్లాల్ని అణచడానికి కొలంబియాకి అమెరికా ఇచ్చిన సాయం పథకం) గురించి చదువుతూ ఒకచోట ఇరుక్కుపోయాను, తెలిసినవాళ్లు కాస్త చెప్పండి. కోకా (కొకైన్ తయారుచేసే మొక్క) తోటల మీద విమానాల్లోంచి గ్లైఫోసేట్ అనే కలుపుమందు చల్లే పనిని అమెరికా విదేశాంగ శాఖ డైన్‌కార్ప్ అనే ప్రైవేటు కంపెనీకి అప్పగించింది. అమెరికా కాంగ్రెస్ 2000లో కాంట్రాక్టర్లు 300 మందికి మించకూడదంది, 2004లో దాన్ని 600 చేసింది. తిరకాసు ఏంటంటే, ఆ పరిమితి అమెరికా పౌరులకే ఉండేది. వేరే దేశాల పైలట్లు లెక్కలోకే వచ్చేవాళ్లు కాదు!

2003 ఫిబ్రవరిలో నిఘా విమానం కూలి ముగ్గురు అమెరికన్ కాంట్రాక్టర్లు ఫార్క్ అనే కొలంబియా తిరుగుబాటు దళం గెరిల్లాలకు చిక్కారు. 2008 జులై దాకా అడవిలో బందీలే. సైనికులు కాని వీళ్లకి చట్టంలో ఏ రక్షణ ఉంటుంది?

ఇంకోటి. సరిహద్దు దాటి పక్కనున్న ఈక్వడార్‌లో ఆ మందు పడిందన్న గొడవలో 2013లో కొలంబియా ఆ దేశానికి 15 మిలియన్ డాలర్లు ఇవ్వడానికి ఒప్పుకుంది. సరే, మరి డైన్‌కార్ప్ మీద కేసు వేసిన ఈక్వడార్ రైతుల సంగతి? వార్తలు కాదు, కోర్టు తీర్పులు ఎక్కడ దొరుకుతాయో చెబితే చాలు.