రాజును తినే తోడేలు బొమ్మ గురించి తెలిసినవాళ్లు ఉన్నారా?

మైకేల్ మైయర్ రసవాద గ్రంథం 'అటలాంటా ఫ్యూజియెన్స్' (1617)లో 50 చిత్రాలున్నాయి. 24వది చూశాక వేరే ధ్యాసే లేదు. ముందు నేలమీద పడున్న రాజును తోడేలు తింటోంది. వెనక అదే తోడేలు మంటల్లో కాలుతుంటే రాజు బతికి బయటికొస్తున్నాడు.

రాజంటే బంగారం, తోడేలంటే ఆంటిమొనీ ఖనిజం (ఆంటిమొనీ అనే మూలకం, గంధకం కలిసి ఉండేది). దీన్ని బంగారంతో కలిపి కరిగిస్తే బంగారంలో కల్తీగా ఉన్న వెండి, రాగి ఆ గంధకంతో కలిసి పైకి తేలతాయి, బంగారం ఆంటిమొనీతో అడుక్కి దిగుతుంది. మళ్లీ కాలిస్తే ఆంటిమొనీ ఆవిరైపోయి మేలిమి బంగారం మిగులుతుంది. కొలిమి పనంతా ఒక్క బొమ్మలో ఎంత బాగా ఇమిడిందో!

నా సందేహం ఆ తోడేలు రూపం గురించే. ఈ చెక్కడాలు మాథెయస్ మెరియన్‌వని అంటారు. ఆయన ప్రకృతి శాస్త్రవేత్త గెస్నర్ జంతు సంపుటాల్లోని (మొదటిది 1551) తోడేలును చూసి గీశారా, లేక పాత రసవాద బొమ్మల్నే అనుసరించారా? పక్కపక్కన పెట్టి పోల్చినవాళ్లుంటే ఏ పేజీలు చూడాలో చెప్పండి, ప్లీజ్.